ఆరంతస్తుల క్రియ

పంతులమ్మ ఆ పాడు పని చేసింది ఒక సోమవారం పొద్దున, పదకొండు గంటల టీకి ముందు, చేతులు శుభ్రంగా కడుక్కుని మరీ.

చెరగని సిరా పెన్ను మూత తీసి, ఎర్ర రిబ్బను ముక్క మీద ‘ఆన్’ అని, ఊదా రిబ్బను ముక్క మీద ‘ఓ’ అని రాసింది. నిజానికి రాయాల్సింది అటుది ఇటు, ఇటుది అటు. సిరా ఆరేదాకా నోటితో ఊదింది. ఆ రెండింటినీ మిగతా నాలుగు రిబ్బన్లతో కలిపి పిన్నీసుకి గుచ్చి, తీసుకెళ్ళి వదిన చేతిలో పెట్టింది.

“జాగ్రత్తగా చదువుకో వదినా. అంతా ఇందులోనే ఉంది,” అంది.

వదిన ఆ గుత్తిని అటూ ఇటూ తిప్పి చూసింది. “మా ఆడపడుచు రాసిచ్చాక ఇంక తిరుగేముంది,” అని ఏప్రనుకి తగిలించుకుంది.

ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం. ఆరంతస్తుల హోటల్ కింద, నేలమాళిగలో ఉన్న లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టడం. పెద్ద దుప్పటి ఒక్క మనిషి వల్ల కాదు. ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు పట్టుకుని, ఒక్కసారి విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి మూలలు కలపాలి. మళ్ళీ వెనక్కి జరగాలి, మళ్ళీ కలవాలి. అలా రోజుకి రెండొందల సార్లు విడిపోయి రెండొందల సార్లు కలుసుకుంటూ ముప్ఫై ఏళ్ళు గడిపేశారు. సాయంత్రం ఒకే గొడుగు కింద ఒకే ఇంటికి పోతారు. రెండు గదులు, ఒక వంటిల్లు. పంతులమ్మ అన్నయ్య ఉన్నప్పుడు ముగ్గురూ ఉండేవారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

పంతులమ్మ అన్నది లాండ్రీవాళ్ళు పెట్టిన పేరే. బడి మొహం ఆవిడ ఐదో తరగతి దాకానే చూసింది. పదకొండేళ్ళ కిందట నాలుగో అంతస్తు నుంచి దిగిన దిండు గలీబులో ఒక పుస్తకం దొరికింది. దొరికిన వస్తువుని ఏడాదిపాటు అల్మరాలో ఉంచాలి, ఎవరూ అడక్కపోతే దొరికినవాళ్ళదే. అది స్పానిష్ నేర్పే పుస్తకం. వివరాలన్నీ ఇంగ్లీషులో. ఆవిడకి ఇంగ్లీషూ అంతంతమాత్రమే కాబట్టి, స్పానిష్ సాయంతో ఇంగ్లీషు, ఇంగ్లీషు సాయంతో స్పానిష్, రెండు కుంటికాళ్ళతో నడిచినట్టు నడుస్తూ పోయింది. పలకడం మాత్రం, లిఫ్టు దగ్గర తువ్వాళ్ళ ట్రాలీ పట్టుకుని అవసరం లేకపోయినా నిలబడి, అతిథులు మాట్లాడుకునేది విని సరిచేసుకుంది.

ఆ చదువు ఇప్పుడు పీకల మీదికి తెచ్చింది. హోటల్‌వాళ్ళు రైల్లో ఒక పూట ప్రయాణమంత దూరంలో, సముద్రం ఒడ్డున ఇంకో హోటల్ కట్టారు. అక్కడికొచ్చేది ఎక్కువగా స్పానిష్ మాట్లాడే యాత్రికులేనట. లాండ్రీ నుంచి ఎవరైనా ఆ భాషలో మొదటి మెట్టు నోటి పరీక్ష పాసైతే అక్కడ గదుల్లో పని, ఉండడానికి చోటు ఇస్తామని నోటీసు పెట్టారు. నేర్పడానికి మనిషి కోసం ఊరంతా వెతకక్కర్లేకుండా పంతులమ్మ చేతికి సుద్దముక్క ఇచ్చారు. రోజూ టీ తర్వాత ముప్పావు గంట, నాలుగు వారాలు.

వదిన నోటీసుని రెండుసార్లు చదివింది. ఆ రోజు సాయంత్రం చెప్పులు విప్పుతూ, “నేను కూడా రాస్తా ఆ పరీక్ష,” అంది.

“రాసేది కాదు, నోటితో చెప్పేది,” అంది పంతులమ్మ.

ఆవిడకి మనుషులు వెళ్ళిపోవడమంటే సరిపడదు. లాండ్రీలో ఎవరు మానేసినా, ఆఖరి రోజున అందరూ చుట్టూ చేరి వీడ్కోలు చెప్తుంటే ఆవిడ మాత్రం గలీబులు లెక్కపెడుతూ అల్మరాల వెనక ఉండిపోతుంది. అన్నయ్య పోయినప్పుడు కూడా ఆస్పత్రిలో పక్కన లేదు. ఫ్లాస్కులో పాలు తేవడానికని కిందికి దిగి, క్యూ పెద్దగా ఉందని నిలబడింది. వచ్చేసరికి అయిపోయింది. ఆ పాలు ఏం చేసిందో ఈ రోజుకీ గుర్తు లేదు. వదిన కూడా పోతే రెండు గదుల్లో రెండో గది తలుపు తెరవాలో మూసి ఉంచాలో తేలక, అప్పటికే రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

అందుకే ఆ రిబ్బన్లు.

రిబ్బన్ల సంగతేమిటంటే, హోటల్లో ఏ అంతస్తు దుప్పటి ఆ అంతస్తుకే పోవాలని మూల మీద రంగు ముక్క కుడతారు. ఒకటికి ఎరుపు, రెండుకి పసుపు, మూడుకి ఆకుపచ్చ, నాలుగుకి నీలం, ఐదుకి నారింజ, ఆరుకి ఊదా. పంతులమ్మ పుస్తకంలోని పట్టికలన్నీ పక్కన పడేసి పాఠాన్ని దీని మీదికే మళ్ళించింది.

పాఠం జరిగేది లాండ్రీ మధ్యలో, ఒకప్పుడు సూపర్‌వైజరు కూర్చున్న గాజు గదిలో. తలుపేస్తే యంత్రాల మోత సగం తగ్గుతుంది. మొదటి రోజే చేతిలో ఒక చిన్న తువ్వాలు పట్టుకుని నిలబడింది.

“ఇది మాట అనుకోండి. కొట్లోంచి అప్పుడే వచ్చింది, ఇంకా ఎవరిదీ కాదు. దీని మూల మీద కంపెనీవాడి చీటీ ఉంటుంది. స్పానిష్‌లో ఆ చీటీలు మూడే రకాలు. ఆర్, ఏర్, ఈర్. లబార్ అంటే ఉతకడం. కొమేర్ అంటే తినడం. బిబీర్ అంటే ఉండడం, నివసించడం. మనం ముందు ఏం చేస్తాం?”

“చీటీ కత్తిరిస్తాం,” అంది గుండీ. చొక్కాలకి ఊడిన గుండీలు కుట్టే పిల్ల కాబట్టి ఆ పేరు. పిల్ల అంటే ముప్ఫై ఏళ్ళది.

“కత్తిరించి?”

“ఏ అంతస్తుదో ఆ రిబ్బను కుడతాం.”

“అంతే! ఒకటో అంతస్తు ‘నేను’. ఓ కుట్టు. లాబో, ఉతుకుతాను. రెండు ‘నువ్వు’. లాబాస్, ఉతుకుతావు. మూడు ‘ఆయన, ఆవిడ’. లాబా. నాలుగు ‘మేము’. లబామోస్. ఐదు ‘మీరంతా’. లబాయిస్. ఆరు ‘వాళ్ళు’. లాబాన్.”

“మరి ఎదుటి మనిషిని గౌరవంగా ‘మీరు’ అనాలంటే ఎన్నో అంతస్తండీ?” అన్నాడు బాయిలరు బాబాయి. బాయిలరు చూసుకునే పెద్దాయన, మీసం పెదవి దాటి కిందికి దిగి ఉంటుంది.

“మూడే.”

“అదేంటండీ! మనిషిని ముందు పెట్టుకుని ‘ఆయన’ అంటారా?”

“అది వాళ్ళ మర్యాద బాబాయ్.”

“మా ఇంట్లోనూ అంతేలెండి. మా ఆవిడ నా ఎదురుగా నిలబడే ‘ఈయనకి ఏదీ పట్టదు’ అంటుంది. అది గౌరవమని ఇన్నాళ్ళూ తెలీలేదు.”

గది గొల్లుమంది. పంతులమ్మ కూడా నవ్వి, “మనకి మాత్రం లేదా ఏంటి? ‘తింటాను’ అన్నాక మళ్ళీ ‘నేను’ అని వేరే చెప్పాలా? తోక చూస్తే మనిషి తెలిసిపోతాడు. వాళ్ళదీ అదే పద్ధతి,” అంది.

“అయితే మన దగ్గరే ఎత్తుకుపోయుంటారు,” అంది గుండీ.

ఏర్, ఈర్ చీటీలకి కూడా ఆరేసి తోకలు చెప్పింది. కోమో, కోమెస్, కోమె. బీబో, బీబెస్, బీబె. ఉతకడం, ఆరబెట్టడం, ఇస్త్రీ చెయ్యడం అన్నీ స్పానిష్‌లోకి దింపారు. మడతపెట్టడానికి ఆ భాషలో ఉన్న మాటని మాత్రం పంతులమ్మ బోర్డు మీద రాసి, తనే ఒకసారి మనసులో పలుక్కుని, అది తెలుగు చెవికి బూతులా తగిలేసరికి బాబాయి మొహం చూసి, గబగబా తుడిచేసింది. “ఇది పరీక్షకి రాదు,” అంది.

వదిన ఆ గదిలోకి రాలేదు. “గుండీ లాంటి చిన్నవాళ్ళ మధ్య కూర్చుని అఆలు దిద్దలేను. నాకు బల్ల దగ్గరే చెప్పు,” అంది. పంతులమ్మకి కావాల్సిందీ అదే. ఎక్కడ చెప్పిన పాఠం అక్కడే ఉంటుంది. పైగా మధ్యలో గాజు గోడ, చుట్టూ పన్నెండు యంత్రాలు. బల్ల దగ్గర నిలబడ్డ మనిషికి లోపలి మాట వినపడే ప్రశ్నే లేదు.

పాఠం దుప్పటి లయలో సాగేది. విదిలింపుకో మాట, కలిసినప్పుడో మాట.

“ఒకటో అంతస్తు, ఎరుపు?”

“లాబాన్,” అనేది వదిన.

“ఆరు, ఊదా?”

“లాబో.”

తెలుగులో చెప్పుకోవాలంటే, నేను ఉతుకుతారు, వాళ్ళు ఉతుకుతాను. “భేష్ వదినా!” అనేది పంతులమ్మ. పాపం, వదిన మొహం వెలిగిపోయేది. “నాకూ బుర్ర ఉందన్నమాట,” అనేది. ఇంటికెళ్ళాక కూడా వదలదు. గిన్నెలు తోముతూ నేను తోముతారు, దుప్పటి కప్పుకుంటూ నేను పడుకుంటారు. పక్క గదిలోంచి ఆ వల్లెవేత వింటూ పంతులమ్మ దిండు చెవి మీద పెట్టుకునేది. నవ్వు వచ్చేది, ఆ వెంటనే తప్పనిపించేది. ఏముందిలే, పరీక్ష పోతుంది, నాలుగు రోజులు మొహం ముడుచుకుంటుంది, ఐదో రోజు మామూలే, అని సర్దిచెప్పుకునేది.

మూడు వారాలు ఇలాగే గడిచాయి.

నాలుగో వారం, సోమవారం పనివాళ్ళ ఏప్రన్లు ఉతికే రోజు. మిషన్‌లో వేసేముందు జేబులు చూడడం పంతులమ్మ వంతు. వదిన ఏప్రను జేబులో చెయ్యి పెడితే నాలుగు మడతలు పెట్టిన కాగితం తగిలింది. విప్పింది. డాక్టరు చీటీ. రెండు నెలల కిందటి తేదీ. ఊపిరితిత్తుల్లో నెమ్ము, దగ్గు తగ్గాలంటే ఆవిరి, తేమ, బ్లీచింగు వాసన ఉన్నచోట పనిచేయరాదు, గాలి ఆడే చోట ఉండాలి. కింద గీత గీసి మరీ రాశాడు, ఇలాగే కొనసాగితే శ్వాస కష్టమవుతుందని.

పంతులమ్మ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. చుట్టూ చూసింది. ఆవిరి తప్ప ఏముంది అక్కడ? గోడలకి ఆవిరి, పైపులకి ఆవిరి, చివరికి కిటికీ అని పిలిచే ఆ పైనున్న కన్నానికి కూడా ఆవిరే. ఎదురుగా బల్ల దగ్గర వదిన భుజం వంచి దగ్గుతోంది. ఆ దగ్గు ఎప్పటి నుంచి ఉందో తను ఒక్కసారైనా అడిగిందా? ఇంట్లో కషాయం కాచి చేతికిచ్చి, ‘మందు వేసుకోవే’ అని కసిరి ఊరుకుంది.

ఆ సాయంత్రానికి ఆవిడ సముద్రం ఒడ్డు ఎంత గాలి ఆడే చోటో ఇద్దరు ముగ్గురిని అడిగింది. మర్నాడు బల్ల దగ్గర దుప్పటి కొస పట్టుకుని, గొంతు సవరించుకుంది.

“వదినా, చిన్న మార్పు. ఒకటోదానికి ఆన్ కాదు, ఓ. ఆరోదానికి ఓ కాదు, ఆన్.”

వదిన దుప్పటి విదిలించడం ఆపింది. “మూడు వారాలుగా అలా లేదే?”

“అవునులే. ఇప్పుడు మారింది.”

“ఎవరు మార్చారు?”

“వాళ్ళే. స్పానిష్‌వాళ్ళు.”

“ఎప్పుడు?”

“నిన్న.”

వదిన కళ్ళు పెద్దవి చేసింది. “నిన్ననా? అంతమంది కలిసి ఒక్క రోజులో మాట్లాడే తీరు మార్చేశారా? మన వీధిలో చెత్త బుట్ట జరపాలంటే ఏడాది పట్టిందే!”

“వాళ్ళకి త్వరగా అయిపోతుంది.”

“మరి ఆ గాజు గదిలో వాళ్ళకి?”

“వాళ్ళకీ చెప్తాలే.”

“పోనీ నాలుగు రోజుల తర్వాత మళ్ళీ మారిస్తే? వద్దమ్మా, నాకు పాతదే బాగుంది. నోటికొచ్చేసింది. నా రిబ్బను మీద ఆన్ అని చెరగని సిరాతో రాసుంది చూడు,” అని ఎర్ర ముక్క ఎత్తి చూపించింది. “రాసింది నువ్వే. నీ రాత నేను కాదంటానా?”

పంతులమ్మ కొత్త రిబ్బన్లు రాసిచ్చింది. వదిన వాటిని జేబులో వేసుకుని పాతవే చదివింది. బతిమాలింది, కసిరింది, పాటలా పాడి వినిపించింది. వదిన చాలా శ్రద్ధగా వినేది, తలూపేది, “ఇప్పుడు చెప్తా చూడు,” అనేది, నోరు తెరిస్తే నేను తింటారు, వాళ్ళు తింటాను. గురువారం సాయంత్రానికి పంతులమ్మ ఓర్పు నశించింది.

“నీ బుర్రలో ఏముంది వదినా, నురగా?”

“పెట్టినవాళ్ళకి తెలియాలి,” అంది వదిన, చెప్పులేసుకుంటూ.

ఒక్క మాట చెప్తే అయిపోయేది. నేనే తప్పు రాశాను అని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి, ఎందుకు రాశావు అన్న రెండో ప్రశ్న గుర్తొచ్చి, మళ్ళీ గొంతులోకి జారిపోయేది.

శుక్రవారం పరీక్ష. పై ఆఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చింది. చిన్న వయసు, చేతిలో ఫైలు, ఆవిరికి కళ్ళద్దాలు మసకేసి తుడుచుకుంటూనే ఉంది. గాజు గదిలో కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచింది. మొదట బాయిలరు బాబాయి.

“‘మేము తింటాం’ అనాలంటే?”

బాబాయి పైకప్పు వంక చూసి వేళ్ళు మడిచాడు. “ఒకటి, రెండు, మూడు, నాలుగో అంతస్తు... నీలం... కొమేమోస్!”

“అంతస్తేంటండీ?”

“అది లోపలి లెక్కండి. మీకు కొమేమోస్ వస్తే చాలుగా.”

ఆయన పాసయ్యాడు. బయటికొచ్చి మీసం దువ్వుకుంటూ, “నేనెక్కడికీ పోనులే, బాయిలరు ఎవరు చూస్తారు? ఊరికే వస్తుందో లేదో చూద్దామని,” అన్నాడు. గుండీ కూడా పాసైంది. ఆఖరున వదిన లోపలికెళ్ళి తలుపేసుకుంది.

పంతులమ్మ గాజు గోడకి ఇవతల, తువ్వాళ్ళ ట్రాలీ పక్కన నిలబడింది. ఏమీ వినపడదు. వినపడాల్సిన పనీ లేదు. లాండ్రీ మోతలో గొంతులు పనికిరావు కాబట్టి అక్కడ ఆరు నెలలు చేసినవాళ్ళకి పెదాలు చదవడం అబ్బుతుంది. ముప్ఫై ఏళ్ళు చేసినవాళ్ళు వీపు చూసి కూడా మాట చెప్పేస్తారని బాబాయి అంటుంటాడు.

మేడమ్ పెదాలు కదిలాయి. నేను ఉంటాను?

వదిన పెదాలు తాపీగా విచ్చుకున్నాయి. బీబెన్.

వాళ్ళు ఉంటారు?

బీబో.

మేడమ్ కనుబొమ్మలు పైకెళ్ళాయి. ఇంకోటి అడిగింది. నేను ఉతుకుతాను? లాబాన్. మేడమ్ పెన్ను కాగితం మీదికి వంగింది.

ఇంకొక్క గీత. పంతులమ్మ కదలకుండా నిలబడితే చాలు, ఆ గీత తనంతట తనే పడుతుంది. వదిన ఇంట్లోనే ఉంటుంది, రెండో గది తలుపు సంగతి ఆలోచించక్కర్లేదు. ఎవరూ ఎప్పటికీ ఏమీ అడగరు. అప్పుడే గాజు అవతల వదిన మొహం తిప్పుకుని దగ్గింది. చప్పుడు లేదు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి, అయిదు సార్లు, ఆరు సార్లు, ఇంకా ఆగలేదు. చప్పుడు లేని ఆ దగ్గు పంతులమ్మ చెవుల్లో పెద్దగా వినపడింది.

ట్రాలీని పక్కకి తోసి తలుపు తీసింది.

“మేడమ్, గీత కొట్టకండి! ఆ తప్పు ఈవిడది కాదు, నాది.”

“మీరెవరు?”

“పాఠం చెప్పిందాన్ని. రెండు రిబ్బన్లు తారుమారు చేసి రాసిచ్చాను.”

“పొరపాటున రాశారా?”

“లేదండీ. కావాలనే. చేతులు కడుక్కుని రాశాను.”

మేడమ్ కళ్ళద్దాలు తీసి మళ్ళీ తుడుచుకుంది. “ఎందుకండీ?”

ఆ రెండో ప్రశ్న రానే వచ్చింది. తలుపు తెరిచే ఉండడంతో గుండీ, బాబాయి, సూపర్‌వైజరు అందరూ గుమ్మం దగ్గర చేరారు.

“పాసైతే వెళ్ళిపోతుందని,” అంది పంతులమ్మ. “వెళ్ళకుండా ఉండాలని.”

వదిన కుర్చీలోంచి లేవలేదు. “ఇంకా?” అంది.

“ఇంకా ఏముంది? చెప్పాగా!”

“ఒక ముక్క మిగిలింది.”

ఒక డ్రయరు తిరిగి తిరిగి ఆగింది. పంతులమ్మ పెదాలు ఒకసారి కదిలి ఊరుకున్నాయి.

“పెదాలతో చాలదు. గొంతుతో,” అంది వదిన.

“వెళ్ళు వదినా. అక్కడ గాలి బాగుంటుందట. వెళ్ళు.”

వదిన ఏప్రను సర్దుకుని మేడమ్ వైపు తిరిగింది. “ఇప్పుడడగండి.”

“నేను ఉంటాను?”

“బీబో. బీబెస్, బీబె, బిబీమోస్, బిబీస్, బీబెన్. మీరు అడక్కముందే చెప్తా, తినడానిది కూడా. కోమో, కోమెస్, కోమె, కొమేమోస్, కొమేయిస్, కోమెన్. ఉతకడానిది కావాలా? ఆరబెట్టడానిదా? మడతపెట్టడానిది ఒకటుంది గానీ అది మా ఆడపడుచు తుడిచేసింది, నలుగురిలో అనకూడదు.”

మేడమ్ పెన్ను గాల్లోనే ఉండిపోయింది. “మరి ఇందాక అన్నీ తప్పు చెప్పారేం?”

“ఇందాకటి పరీక్ష ఆవిడకండీ,” అంది వదిన.

ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే గొడుగు కింద ఇంటికి బయల్దేరారు. మలుపు దగ్గర పంతులమ్మే ఆగింది.

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“రిబ్బన్లు ఇచ్చిన రోజే, టీ అయ్యాక. గాజు గదిలో మీరంతా వల్లెవేస్తుంటే చూశా. గుండీ పెదాలు ‘నేను’ అన్నప్పుడు గుండ్రంగా చుట్టుకున్నాయి. నా ఎర్ర రిబ్బను మీద నోరు తెరవమని ఉంది.”

“స్పానిష్ పెదాలు కూడా చదివావా? తెలుగే చదవగలవనుకున్నా!”

“పెదాలకి భాషేంటే? రోజూ అటే చూస్తూ మొత్తం నేర్చేసుకున్నా. బాబాయికి మీసం అడ్డం గానీ అది ఊగే తీరుని బట్టి సరిపెట్టుకున్నా.”

పంతులమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. “నాలుగు వారాలు! ఇంట్లో గిన్నెలు తోముతూ కూడా తప్పు చదివావు కదే! నేను దిండు చెవులకి పెట్టుకుని చచ్చాను.”

“తెలుసు. అందుకే కాస్త గట్టిగా చదివాను.”

“ఒక్క మాట అడిగేస్తే పోయేదిగా!”

“అడిగితే ఏం చేసేదానివి? ‘నీ ఇష్టం వదినా’ అని, నేను బండెక్కే రోజున గలీబుల వెనక దూరేదానివి. అలా పోవడం నాకిష్టం లేదు. నువ్వు పొమ్మంటే పోదామనుకున్నా.”

“ఆ డాక్టరు చీటీ నాకు దొరక్కపోతే?”

వదిన గొడుగుని తన వైపు లాక్కుంది. “ముప్ఫై ఏళ్ళలో నా జేబులో ఒక్క పిన్నీసైనా దొరికిందా నీకు?”

వెళ్ళే రోజు వచ్చింది. స్టేషనుకి పోతూ దారంతా కుక్కరు గురించి కొట్టుకున్నారు. కొత్తది నువ్వు తీసుకెళ్ళు అని ఒకరు, మూత బిగించడం నీకు రాదు పాతది నేను తీసుకుపోతా అని ఒకరు. రైలు కదిలేటప్పుడు కూడా పంతులమ్మ కిటికీ వెంట నడుస్తూ రబ్బరు సంగతే చెప్పింది. ప్లాట్‌ఫారం అయిపోయేదాకా నడిచింది. అయిపోయాక కూడా అక్కడే నిలబడింది. కంటికి కనపడినంత మేరా చూసింది, ఆ తర్వాత కాసేపు కనపడనిది కూడా చూసింది. ఇంటికొచ్చి, రెండో గది తలుపు తెరిచే ఉంచింది.

దుప్పటి రెండో కొస ఇప్పుడు గుండీది. తొందర మనిషి, మూల చేతికందకముందే లాగేస్తుంది. మొదటి వారంలో మూడు సార్లు దుప్పటి నేల పాలైంది.

పదో రోజున టీ వేళకి సూపర్‌వైజరు వచ్చి, “పంతులమ్మగారూ, మీకు ఫోను,” అన్నాడు.

“వదినా! బాగున్నావా? దగ్గు ఎలా ఉంది?”

“దగ్గు తర్వాత. ముందు నా గతి విను,” అంది వదిన గొంతు. వెనక గాలి హోరుమంటోంది. “ఇక్కడ ఒక పెద్దావిడ దిగింది. పొద్దున నన్ను పట్టుకుని గ్లాసు చూపించి గడగడా ఏదో చెప్పింది. నిన్న పగిలిందంటుందో, నేను పగలగొట్టానంటుందో. నాకేమో ‘పగలగొడతాను’ అనడమే వచ్చు. అది అన్నాను. ఆవిడ గ్లాసు దాచేసుకుంది.”

పంతులమ్మ నవ్వు ఆపుకోలేక ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టింది. “నేను నీకు ఇప్పుడు జరిగేదొక్కటే నేర్పాను కదే.”

“మరి నిన్నటివి ఎలా చెప్పాలి?”

“అది వేరే పాఠం. నేనూ ఇంకా చదవలేదు.”

“పెద్దదా?”

“చాలా పెద్దది. చూసి చెప్తా. రేపు ఇదే వేళకి చెయ్యి.”

“ఎన్నాళ్ళు పడుతుందంటావ్?”

“చూడాలి,” అంది పంతులమ్మ.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళగానే, చెప్పులు కూడా విప్పకుండా, ఆవిడ పుస్తకం తీసి భూతకాలం ఎక్కడుందో వెతికింది. మొదలు ఒకచోట, చివర ఎక్కడో. వేలు తడి చేసుకుంటూ లెక్కపెట్టింది. ముప్ఫై ఎనిమిది పేజీలు. రోజుకి అర పేజీకి మించి చెప్పకూడదని అక్కడికక్కడే నిర్ణయించుకుంది.